పిల్లల అభిరుచులు, ఇంటి భాష

పియానో, మొబైలు ఆట, చీనా కవిత్వము మున్నగువానిపై పిల్లలు మక్కువ చూపినచో తల్లిదండ్రులు కలవరపడనక్కరలేదు. అన్నిటను నియమమే ఆనందమునకు మూలము.

1720లో జర్మను సంగీతవేత్త బాఖ్ తన తొమ్మిదేండ్ల కుమారునికై పాఠపుస్తకము నారంభించెను. పియానో విద్యార్థులు నేడును అభ్యసించు ఆ కృతులలో కొన్నింట స్వరధారలు రెండే. 1984లో మాస్కోలో పజిత్నోవ్ కల్పించిన టెట్రిస్ ఆటలో ఆకృతులు ఏడే. చీనా ‘జ్యూఎజూ’ పద్యమునకు మన ఆటవెలదికివలెనే నాలుగు పాదములు. పాదమునకు ఐదో, ఏడో అక్షరములు.

ఆ నియమములను మీ బిడ్డలచే ఇంట తెలుగులో చెప్పించుకొనుడు. ఓపికతో వినుడు. బడిలో మేము తెలుగు నేర్పగలము. కాని తమకు ప్రియమైనదానిని చెప్పుకొనుటకు పనికిరాని భాషను పిల్లలు నిలుపుకొనరు.