ఫొటో చూసినవా ముందు?

హెల్మెట్ లేనందుకు 100, యూజర్ చార్జీలు 35. మొత్తం 135 రూపాయలు. కొన్నేళ్ల కిందట ఆ మెసేజ్ చూడగానే నాకు తిక్క రేగింది. చలానాలో ఉన్నది ఆ నెలలో నేను అడుగే పెట్టని ఊరు. ఆ పూట నా బండి హుజూర్‌నగర్‌లో ఇంటి ముందే ఉంది.

ఇలాంటప్పుడు మనవాళ్లు చేసేవి రెండే. తిట్టుకుంటూ కట్టేయడం, లేదా ‘మా బావమరిది డిపార్ట్‌మెంటులోనే’ అంటూ ఫోన్లు కలపడం. మొదటిది పిరికితనం. రెండోది అంతకన్నా పిరికితనం. నేను మాత్రం తక్కువ తిన్నానా, పొద్దున్నే వకీలు ఇంటి మీద పడ్డాను.

“ఫొటో చూసినవా ముందు?” అన్నారాయన.

చూడలేదు. బండి నంబరు కొడితే ఈ-చలానా సైట్‌లో ఫొటోతో సహా కనబడుతుంది. పెద్దది చేసి చూశాం. టీఎస్ 29 మొదలు చివరి అంకె ముందు వరకూ నా నంబరే. చివరి 8 మీద బురద పడి అచ్చం నా 3లా ఉంది. నాది స్కూటీ, అదేమో వెనక బియ్యం బస్తా కట్టిన బైకు. గెలిచేశాననుకున్నా. ఆయన వేలు కిందికి జరిగింది. అక్కడ ఇంకో రెండు చలానాలు. వాటిలో మెరుస్తున్న బట్టతల మాత్రం నాదే.

“అవి కట్టి రా. తర్వాత దీని సంగతి మాట్లాడదాం.”

ఫీజిచ్చి కొనుక్కోదగ్గ సలహా ఇది. మన తప్పుల్ని కూడా కలిపి వాదిస్తే నిజంగా జరిగిన అన్యాయమూ సాకులాగే వినబడుతుంది. ఇంట్లో, ఆఫీసులో పోట్లాటలు చూడండి, ఇదే వరస.

రాయితీ కోసం కాచుక్కూర్చునే వాళ్లూ ఉన్నారు. టూవీలర్లకు 2022 మార్చిలో 75 శాతం, 2023 డిసెంబరు చివర్లో 80 శాతం తగ్గించారు కదా, అదో పండగ సేల్ అయిపోయింది. తగ్గించి కట్టినా ఒప్పుకొన్నట్టే. లోక్ అదాలత్ కూడా రాజీ కుదిర్చే చోటు, అక్కడి అవార్డు మీద అప్పీలు ఉండదు. తప్పు మీది కానప్పుడు రాజీ దేనికి? సమన్లు వచ్చినా కంగారొద్దు. మోటారు వాహనాల చట్టం 208వ సెక్షన్ ప్రకారం ఇలాంటి చిన్న కేసుల్లో మీ బదులు వకీలు హాజరుకావచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవల సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుంది. ఫోన్ 15100. 135 రూపాయల కోసం వేలు పోయమని మాత్రం అననండోయ్, అరగంట సలహా చాలు.

నా రెండు చలానాలూ కట్టేశాక, ఆ రాత్రి కూర్చుని పేజీన్నర అర్జీ రాశాను. పౌరుడి హక్కులు, వ్యవస్థ నిర్లక్ష్యం, అన్నీ దట్టించాను. వకీలు ఎర్రపెన్ను తీసుకుని కొట్టేసుకుంటూ పోయారు. చివరికి మూడు వాక్యాలు మిగిలాయి. ఈ నంబరు నాది. ఫొటోలోని బండి నాది కాదు. పరిశీలించి తొలగించగలరు. జతగా ఆర్సీ నకలు, నా స్కూటీ ఫొటో, ఆ రెండు చలానాలు కట్టిన రసీదులు.