నీటి వాటా చేతులు మారడం

పిల్లలూ! కృష్ణా, గోదావరి డెల్టా గ్రామాలలో ‘మాగాణి’ అనే మాట తరచుగా వినిపిస్తుంది. కాలువ నీరు పారే పొలం మాగాణి. వాన మీద ఆధారపడిన పొలం మెట్ట. అక్కడ ఎవరైనా మాగాణి కొంటే, కాలువ నీరు కూడా ఆ పొలంతోనే వస్తుంది. “పొలం నీకు అమ్ముతాను, దాని నీటిని మాత్రం పక్క జిల్లా ఆసామికి అమ్ముకుంటాను” అని ఎవరైనా అంటే ఊరంతా నవ్వుతుంది.

మనం ఉంటున్న న్యూ సౌత్ వేల్సులో ఆ మాట అంటే ఎవరూ నవ్వరు. ఇక్కడ నేల ఒకరికీ, నీరు మరొకరికీ అమ్మవచ్చు. అయితే అందుకు దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ దరఖాస్తు ఏమిటో, దానిని ఎందుకంత జాగ్రత్తగా పరిశీలిస్తారో ఈ పాఠంలో తెలుసుకుందాం.

నేల, నీరు వేరుపడిన కథ

మర్రే, డార్లింగు నదులు, వాటి ఉపనదులు పారే ప్రాంతం చాలా పెద్దది. దాని వైశాల్యం 10 లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా ఉంటుంది. అంటే ఆస్ట్రేలియా భూభాగంలో ఇంచుమించు ఏడవ వంతు. ఇరవయ్యవ శతాబ్దంలో ఈ నదుల మీద ఆనకట్టలు కట్టారు. మర్రే నది మీద ఆల్బరీ పట్టణం దగ్గర ఉన్న హ్యూమ్ ఆనకట్ట 1936లో పూర్తయింది. రైతులకు లైసెన్సులు ఇచ్చారు. 1912 నాటి చట్టం ప్రకారం ఆ లైసెన్సులు నేలను అంటిపెట్టుకొని ఉండేవి.

లైసెన్సులు పెరిగాయి. నది మాత్రం పెరగలేదు. తోడేవారు ఎక్కువై నది నీరసించింది. అందువల్ల 1995లో ఒక కట్టుబాటు వచ్చింది. నదులనుంచి తోడే మొత్తం నీరు ఇక పెరగకూడదని ప్రభుత్వాలు నిర్ణయించాయి.

ఇప్పుడు ఆలోచించండి. ఒక రైతు కొత్తగా తోట వేయాలనుకున్నాడు. అతనికి నీరు ఎక్కడనుంచి వస్తుంది? నదిలో కొత్త వాటా లేదు. కాబట్టి ఇప్పటికే వాటా ఉన్నవారి దగ్గరే పుచ్చుకోవాలి. అందుకు వీలుగా నీటి నిర్వహణ చట్టం, 2000 నేలనూ నీటినీ వేరుచేసింది. 2004 జూలై 1 నుంచి ముఖ్యమైన నదుల మీద కొత్త పద్ధతి లైసెన్సులు అమలులోకి వచ్చాయి.

ఒక్క సంగతి గుర్తుంచుకోండి. నది ఒడ్డున భూమి ఉన్నవారు ఇంటి అవసరాలకూ, పశువులకూ లైసెన్సు లేకుండానే నీరు తీసుకోవచ్చు. అది వారి ప్రాథమిక హక్కు. ఆ హక్కును అమ్ముకోవడానికి వీలులేదు.

వాటా వేరు, కేటాయింపు వేరు

లైసెన్సులో ఇన్ని వాటాలు అని రాసి ఉంటుంది. ఇన్ని వాటాలు ఉన్నాయంటే అంత నీరు చేతిలో ఉన్నట్లు కాదు. జలాశయాలలో ఉన్న నీటిని చూసి, వాటాకు ఎంత నీరు ఇవ్వగలరో ప్రభుత్వం ప్రకటిస్తుంది. దీనిని కేటాయింపు అంటారు. నీటి సంవత్సరం జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది.

నీటిని మెగాలీటర్లలో కొలుస్తారు. ఒక మెగాలీటరు అంటే 10 లక్షల లీటర్లు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, పది మీటర్ల లోతు ఉన్న తొట్టిని ఊహించుకోండి. అందులో పట్టేది ఒక మెగాలీటరు.

ఒక రైతుకు 500 వాటాలు ఉన్నాయనుకుందాం. ఆ ఏడు కేటాయింపు నూటికి 30 అనుకుందాం. అతని ఖాతాలో 150 మెగాలీటర్లు జమ అవుతాయి. బ్యాంకు ఖాతాలో డబ్బు లాగానే ఇందులో నీటి లెక్క ఉంటుంది.

లైసెన్సులలో తరగతులు కూడా ఉన్నాయి. పట్టణాల తాగునీటికీ, ఇళ్ళకూ, పశువులకూ మొదటి స్థానం. తరువాత ‘అధిక భద్రత’ లైసెన్సులు. ఆ తరువాత ‘సాధారణ భద్రత’ లైసెన్సులు. కరవు వస్తే ముందు కోత పడేది వెనుక ఉన్నవారికే. 2018–19లో ఈ రాష్ట్రపు మర్రే నది మీద సాధారణ భద్రత లైసెన్సులకు కేటాయింపు సున్నా. చేతిలో పత్రం ఉంది, ఖాతాలో కొత్తగా ఒక్క చుక్క పడలేదు!

దరఖాస్తు

నీటి బదిలీ ముఖ్యంగా రెండు విధాలు.

మొదటిది, ఆ ఏటి నీటిని మాత్రమే అమ్మడం. వాటాలు అమ్మినవాని దగ్గరే ఉంటాయి. వచ్చే ఏడు కేటాయింపు మళ్ళీ అతనికే వస్తుంది. ఇది చెట్టు ఉంచుకొని ఆ ఏటి కాయ అమ్ముకోవడం వంటిది.

రెండవది, వాటాలనే శాశ్వతంగా అమ్మడం. ఇది చెట్టునే అమ్మడం వంటిది. ఈ మార్పు ప్రభుత్వ లైసెన్సు రిజిస్టరులో నమోదు కావాలి. లైసెన్సు తాకట్టులో ఉంటే, అప్పు ఇచ్చినవారి అంగీకారం కూడా కావాలి.

మొదటి విధం బదిలీకి వాటర్ ఎన్.ఎస్.డబ్ల్యు. అనే ప్రభుత్వ సంస్థకు దరఖాస్తు పెట్టాలి. అందులో ముఖ్యంగా ఈ వివరాలు ఉంటాయి:

1. అమ్మేవారి లైసెన్సు సంఖ్య, కొనేవారి లైసెన్సు సంఖ్య.
2. ఎన్ని మెగాలీటర్లు.
3. మెగాలీటరుకు ఎంత ధర. ఉచితంగా ఇచ్చినా ఆ మాట చెప్పాలి.
4. ఇరుపక్షాల అంగీకారం.

దరఖాస్తుకు రుసుము చెల్లించాలి. అమ్మేవాని ఖాతాలో అంత నీరు ఉన్నదా అని చూస్తారు. అనుమతి రాగానే ఒక ఖాతాలో తగ్గించి, రెండవ ఖాతాలో జమ చేస్తారు. జమ అయిన తరువాతనే కొన్నవాడు పంపు వేయాలి. “డబ్బు ఇచ్చేశాను, కాగితం రేపు వస్తుంది” అని ఈరోజు తోడితే నేరమవుతుంది.

ఇద్దరు ఒప్పుకుంటే చాలదా?

డెనిలిక్విన్ దగ్గర ఒక వరి రైతు ఉన్నాడనుకుందాం. అతని ఖాతాలో 150 మెగాలీటర్లు ఉన్నాయి. ఒక హెక్టారు వరికి సుమారు 12 మెగాలీటర్లు కావాలి. ఆ నీటితో పన్నెండు హెక్టార్లు మాత్రమే పండుతాయి. వరి ఏడాది పంట. ఈ ఏడు వేయకపోతే, వచ్చే ఏడు వేసుకోవచ్చు.

నది దిగువన, యూస్టన్ దగ్గర ఒక బాదం రైతు ఉన్నాడనుకుందాం. అతని తోటకు నీరు చాలదు. చెట్లు ఎండిపోతే ఎన్నో ఏళ్ళ కష్టం పోతుంది. కనుక మంచి ధర ఇస్తానన్నాడు. వరి రైతు సరే అన్నాడు. ఇద్దరికీ లాభమే. దరఖాస్తు పెట్టారు. అయినా అనుమతి రాలేదు. ఎందుకు?

ఇద్దరి మధ్యా బార్మా ఇరుకు ఉంది. వేల ఏళ్ళ క్రితం భూమి పైకి లేచి మర్రే నది దారి మారింది. అప్పటినుంచి అక్కడ నది సన్నగా పారుతుంది. ఇరువైపులా రెడ్ గమ్ చెట్ల మహారణ్యం ఉంది. అది యోర్టా యోర్టా ఆదివాసుల నేల. ఆ చెట్లకు తడిసే కాలమూ కావాలి, ఆరే కాలమూ కావాలి. ఎండాకాలంలో దిగువ తోటలకోసం ఇరుకు గుండా ఎక్కువ నీరు తోస్తే గట్లు కోసుకుపోతాయి. కాలం కాని కాలంలో నీరు అడవిలోకి పొర్లుతుంది.

అందుకని ఇక్కడ ఒక నియమం పెట్టారు. దిగువనుంచి ఎగువకు ఎంత నీరు బదిలీ అయిందో, అంతవరకే ఎగువనుంచి దిగువకు అనుమతిస్తారు. అప్పుడు ఆ నీరు నిజంగా ఇరుకు దాటి పోనక్కరలేదు, లెక్క సరిపోతుంది. ఎదురు బదిలీ లేకపోతే దరఖాస్తు ఆగిపోతుంది. ఆ వరి రైతు ఎగువ ప్రాంతంలోనే మరొకరికి అమ్ముకోవచ్చు. బాదం రైతు దిగువ ప్రాంతంలో వెతుక్కోవాలి.

చూశారా! కాగితం మీద నీరు క్షణంలో చేతులు మారుతుంది. నదిలో నీరు మాత్రం గట్ల మధ్య తన దారినే పోతుంది. దరఖాస్తు మీద సంతకాలు ఇద్దరివి. ఆ నదిని నమ్ముకున్నవారు ఎందరో! దిగువ రైతులు, పట్టణాలు, చేపలు, పక్షులు, అడవి. వారెవరూ సంతకం చేయరు. వారి తరఫున చూడడానికే నియమాలు ఉన్నాయి.

ఈ పద్ధతిని మెచ్చుకునేవారూ ఉన్నారు, విమర్శించేవారూ ఉన్నారు. “కరవులో చెట్లు బతికాయి, నీరు అమ్మిన రైతుకూ ఇల్లు గడిచింది” అంటారు కొందరు. “పొలమే లేనివారు కూడా నీటి వాటాలు కొంటున్నారు. నీరు తరలిపోయిన ఊరిలో మిల్లు మూతపడుతుంది, బడిలో పిల్లలు తగ్గుతారు” అంటారు మరికొందరు. రెండు మాటలలోనూ నిజం ఉంది. పెద్దయ్యాక మీరు కూడా ఈ విషయం మీద ఆలోచించవలసి వస్తుంది.

డెల్టా కాలువ మీద లాకు తలుపులు ఎత్తే లస్కరు, పై పొలాలకు వదిలేముందు కింది పొలాలను తలచుకుంటాడు. ఇక్కడ నీటి దరఖాస్తు చూసే ఉద్యోగి చేయవలసిన పని కూడా అదే.

కొత్త మాటలు

ఆసామి = భూమి గల రైతు
కట్టుబాటు = అందరూ పాటించవలసిన నియమం
కేటాయింపు = ఒకరికని వేరుచేసి ఇచ్చిన భాగం
రుసుము = పనికోసం చెల్లించే సొమ్ము
లస్కరు = కాలువ లాకులను చూసుకునే పనివాడు

ప్రశ్నలు

1. మాగాణికీ మెట్టకూ తేడా ఏమిటి?
2. 1995 తరువాత కొత్త రైతుకు నీరు దొరికే దారి ఏది? ఎందుకు?
3. ఒక రైతుకు 240 వాటాలు ఉన్నాయి. కేటాయింపు నూటికి 25. ఖాతాలో ఎన్ని మెగాలీటర్లు జమ అవుతాయి?
4. “చెట్టు ఉంచుకొని కాయ అమ్ముకోవడం” అని ఏ బదిలీని అన్నారు?
5. ఇద్దరు రైతులు ఒప్పుకున్నా దరఖాస్తు ఎందుకు ఆగిపోయింది? మీ మాటలలో ఐదు వాక్యాలు రాయండి.

చేయవలసిన పని

మీ అమ్మమ్మగారినో తాతయ్యగారినో అడగండి: “మన ఊరి పొలాలకు నీరు ఎక్కడనుంచి వచ్చేది? నీరు తక్కువైనప్పుడు వంతులు ఎవరు వేసేవారు?” వారు చెప్పినది రాసుకొని వచ్చి, తరగతిలో చదివి వినిపించండి.