ర్యూ షోర్యూకెన్: కమాండ్ అదే, ఖర్చు మాత్రం గేమ్ గేమ్‌కీ వేరు

స్ట్రీట్ ఫైటర్ 4 బాగా ఆడి, కొన్నేళ్లు వదిలేసి, మళ్లీ స్ట్రీట్ ఫైటర్ 6తో మొదలుపెట్టిన వాళ్లకి ఈ దెబ్బ తగిలే ఉంటుంది. నా సంగతే చెప్తాను. అలవాటు ప్రకారం ర్యూనే తీసుకున్నా. కమాండ్లన్నీ వేళ్లకి గుర్తున్నాయి. మ్యాచ్‌లో కింద పడ్డాను, లేస్తూనే షోర్యూకెన్ కొట్టాను. పాత గేమ్‌లో నన్ను ఎన్నోసార్లు గట్టెక్కించిన మూవ్ అది. ఇక్కడ మాత్రం అవతలి ప్లేయర్ కొట్టిన మామూలు కిక్కే తగిలి మళ్లీ పడ్డాను. మళ్లీ లేచాను, మళ్లీ షోర్యూకెన్, మళ్లీ నేల మీదే.

"ర్యూని పాడు చేసేశారు" అనుకుని రెండు రోజులు గేమ్ ముట్టుకోలేదు. తర్వాత ట్రైనింగ్ మోడ్‌లో కూర్చుని చూస్తే అసలు విషయం తెలిసింది. ర్యూ బాగానే ఉన్నాడు. 2023లో వచ్చిన గేమ్‌ని నేను 2009 లెక్కలతో ఆడుతున్నాను.

ఈ ఆర్టికల్‌లో ఒకే క్యారెక్టర్, ముఖ్యంగా ఒకే మూవ్ తీసుకుని, అది 1987 నుంచి ఇప్పటిదాకా ఎలా మారిందో చూద్దాం. మీరు ర్యూని ఆడకపోయినా పర్లేదు. ఏ ఫైటింగ్ గేమ్‌లోనైనా కొత్త పార్ట్ వచ్చినప్పుడు మీ క్యారెక్టర్‌ని ఎలా చదవాలో ఇందులోంచి నేర్చుకోవచ్చు.

ముందుగా రెండు మాటలు

ఫైటింగ్ గేమ్‌లో కాలాన్ని ఫ్రేముల్లో లెక్కేస్తారు. సెకనుకు 60 ఫ్రేములు, అంటే ఒక్కో ఫ్రేమ్ దాదాపు 16.67 మిల్లీసెకన్లు. మీ మానిటర్ 120 హెర్ట్జ్ అయినా సరే, స్ట్రీట్ ఫైటర్ 6లో ఫైట్ లెక్క మాత్రం 60 మీదే నడుస్తుంది.

ప్రతి మూవ్‌కీ మూడు భాగాలుంటాయి. చెయ్యి లేచే సమయం స్టార్టప్. దెబ్బ తగలగలిగే సమయం యాక్టివ్. కొట్టాక మళ్లీ మామూలు పొజిషన్‌కి వచ్చే సమయం రికవరీ. కొన్ని మూవ్స్‌కి మొదట్లో కొద్ది ఫ్రేముల పాటు ఏ దెబ్బా తగలదు. దాన్నే ఇన్విన్సిబిలిటీ అంటారు. షోర్యూకెన్ గొప్పతనమంతా దీనిలోనే ఉంది. దాని బలహీనతేమో రికవరీలో ఉంది. గాల్లోకి ఎగిరి ఖాళీగా కిందికి వస్తున్నప్పుడు ర్యూ ఏమీ చెయ్యలేడు.

1987: ఖర్చంతా వేళ్లదే

మొదటి స్ట్రీట్ ఫైటర్‌లోనే ర్యూకి మూడు స్పెషల్ మూవ్స్ ఉన్నాయి: హడోకెన్, షోర్యూకెన్, తత్సుమాకి సెన్పుక్యాకు. కానీ వాటిని బయటికి తీయడమే పెద్ద పని. స్టిక్ కదలిక, బటన్ టైమింగ్ ఏమాత్రం అటూ ఇటూ అయినా మామూలు పంచ్ మాత్రమే వచ్చేది. వస్తే మాత్రం డ్యామేజ్ మామూలుగా ఉండేది కాదు, కొన్ని తగిలితే రౌండ్ అయిపోయేది.

అంటే ఆ రోజుల్లో షోర్యూకెన్ ఒక రహస్య ఆయుధం. దానికి ఖర్చు మీ చేతి నైపుణ్యమే.

1991: ఖర్చు రిస్క్‌లోకి మారింది

స్ట్రీట్ ఫైటర్ 2లో కమాండ్లు చాలా నమ్మకంగా పని చేయడం మొదలైంది. కింద, మూలకి, ముందుకి తిప్పి పంచ్ నొక్కితే హడోకెన్. ముందుకి, కింద, మూలకి అని పంచ్ నొక్కితే షోర్యూకెన్. కాస్త ప్రాక్టీస్ చేస్తే ఎవరికైనా వస్తాయి. మరి అందరికీ వచ్చే మూవ్ బలంగా ఉంటే గేమ్ చెడిపోదా?

ఇక్కడే ర్యూ అసలు ఆట పుట్టింది. దూరం నుంచి హడోకెన్ వేస్తారు. అవతలివాడు దాన్ని బ్లాక్ చేస్తే కొంచెం హెల్త్ పోతుంది, దీన్నే చిప్ డ్యామేజ్ అంటారు. విసుగొచ్చి దాని మీదుగా దూకితే, కిందకి దిగేలోపు షోర్యూకెన్ కాచుకుని ఉంటుంది. హడోకెన్ ఎర, షోర్యూకెన్ ఉచ్చు. ఈ రెండూ కలిస్తేనే ర్యూ.

ఖర్చు ఎక్కడుంది? తప్పులో ఉంది. షోర్యూకెన్ గాలికి పోయినా, అవతలివాడు బ్లాక్ చేసినా, కిందికి దిగేటప్పుడు ర్యూకి గట్టి దెబ్బే తగులుతుంది. మీటర్ ఏమీ అక్కర్లేదు, కానీ ప్రతిసారీ మీ హెల్త్‌నే పందెం కాస్తున్నారు. 1994లో వచ్చిన సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 టర్బోలో మీటర్ నింపి వాడే షింకు హడోకెన్ వచ్చినా, ఎరా ఉచ్చూ అన్న మూలసూత్రం మారలేదు.

1997 నుంచి 1999: మూవ్ అదే, అవతలివాడు మారాడు

స్ట్రీట్ ఫైటర్ 3 సిరీస్‌లో హడోకెన్ ఉంది, షోర్యూకెన్ ఉంది. చూడటానికి యానిమేషన్ ఇంకా అందంగా ఉంటుంది. అయినా పాత ఉచ్చు ఇక్కడ సరిగా పని చేయదు. కారణం పారీ. దెబ్బ తగిలే క్షణంలో స్టిక్‌ని ముందుకి తడితే ఆ దెబ్బ పూర్తిగా వృథా అవుతుంది, చిప్ డ్యామేజ్ కూడా ఉండదు. పైగా గాల్లో ఉన్నప్పుడు కూడా పారీ చెయ్యొచ్చు. అంటే దూకుతున్నవాడు మీ షోర్యూకెన్‌ని గాల్లోనే పారీ చేసి, తిరిగి మిమ్మల్నే కొట్టగలడు.

2004 ఈవో టోర్నమెంట్‌లో డైగో ఉమెహారా, జస్టిన్ వాంగ్ మ్యాచ్ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో డైగో ఆడింది కెన్‌ని. దాదాపు హెల్త్ లేని స్థితిలో చున్-లీ సూపర్ మొత్తాన్ని పారీ చేసి, తిరిగి కొట్టి గెలిచాడు. చిప్ డ్యామేజ్‌తోనే చచ్చిపోవాల్సిన చోట బతికించింది పారీయే. గేమ్ సూత్రం ఎంత మారిందో ఆ ఒక్క రౌండ్ చెబుతుంది.

ఈ పరిస్థితిలో ర్యూకి డెవలపర్లు కొత్త దారులు ఇచ్చారు. థర్డ్ స్ట్రైక్‌లో మ్యాచ్‌కి ముందే మూడు సూపర్ ఆర్ట్స్‌లో ఒకటి ఎంచుకోవాలి. వాటిలో డెంజిన్ హడోకెన్‌ని బ్లాక్ చేయడం కుదరదు, పారీ అయినా చెయ్యాలి, లేదా తప్పించుకోవాలి. మామూలు హడోకెన్ విలువ తగ్గిందని తెలిసే, దానికి బదులుగా ఇచ్చిన ఆయుధం ఇది.

ఇక్కడ పాఠం ఏంటంటే, మీ మూవ్‌లో ఒక్క ఫ్రేమ్ కూడా మారకపోయినా, అవతలివాడికి కొత్త జవాబు దొరికితే మీ మూవ్ మారినట్టే.

2008: డబ్బులు కట్టి రిస్క్ కొనుక్కోవచ్చు

ఆర్కేడ్స్‌లో 2008లో, ఇళ్లలోకి 2009లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 4 ఫోకస్ అటాక్ అనే సిస్టమ్ తెచ్చింది. దీని ఇంకో ఉపయోగమే షోర్యూకెన్ జాతకాన్ని మార్చింది. షోర్యూకెన్ తగలగానే, నాలుగు బార్ల మీటర్‌లో రెండు ఖర్చు పెట్టి ఫోకస్‌తో క్యాన్సిల్ చేసి డాష్ చెయ్యొచ్చు. తగిలి ఉంటే వెంటనే అల్ట్రా కాంబో. బ్లాక్ అయి ఉంటే గాల్లో ఇరుక్కోకుండా బయటపడొచ్చు.

చూశారుగా, 1991లో ప్రాణం పెట్టి ఆడిన జూదానికి 2009లో ఇన్సూరెన్స్ వచ్చింది. మీటర్ ఉన్నంతవరకు తప్పు చేసినా పెద్దగా నష్టం లేదు. నా చెడ్డ అలవాటు పుట్టింది సరిగ్గా ఇక్కడే. ఈ సౌకర్యం ఎక్కువైందని డెవలపర్లకీ అనిపించినట్టుంది. 2014లో వచ్చిన అల్ట్రా స్ట్రీట్ ఫైటర్ 4లో, బ్లాక్ అయిన షోర్యూకెన్ నుంచి ముందుకి డాష్ చేస్తే అవతలివాడికి తిరిగి కొట్టే అవకాశం ఇచ్చారు.

2016: ఉచిత రక్షణ ఆగిపోయింది

స్ట్రీట్ ఫైటర్ 5 రెండో సీజన్‌లో, అంటే 2016 డిసెంబర్‌లో, పెద్ద మార్పు వచ్చింది. లేస్తూ కొట్టే షోర్యూకెన్‌కి పూర్తి ఇన్విన్సిబిలిటీ కావాలంటే ఒక బార్ ఖర్చు పెట్టి ఈఎక్స్ వెర్షన్ వాడాల్సిందే. బార్ లేకపోతే నేల మీద నుంచి లేచేటప్పుడు బ్లాక్ చేసుకోవడమే దిక్కు.

ఇదే గేమ్‌లో ఇంకో ఆసక్తికరమైన విషయం ఉంది. స్ట్రీట్ ఫైటర్ 3లో అందరికీ ఉన్న పారీ, ఇక్కడ వి-స్కిల్ రూపంలో ర్యూ సొంతమైంది. మీడియం పంచ్, మీడియం కిక్ కలిపి నొక్కాలి. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

2023: అంతా డ్రైవ్ గేజ్ లెక్కే

స్ట్రీట్ ఫైటర్ 6లో రౌండ్ మొదలయ్యేటప్పుడే ఇద్దరికీ ఆరు బార్ల డ్రైవ్ గేజ్ నిండుగా ఉంటుంది. మామూలు షోర్యూకెన్ గాల్లోంచి వచ్చేవాడి దెబ్బల్ని మాత్రమే తప్పించుకుంటుంది. నేల మీద నిలబడి కొట్టేవాడి దెబ్బని కూడా దాటాలంటే ఓవర్‌డ్రైవ్ వెర్షన్ కావాలి, దానికి రెండు డ్రైవ్ బార్లు. అది బ్లాక్ అయితే బార్లూ పోతాయి, హెల్తూ పోతుంది. పాత ఇన్సూరెన్స్ లేదు. నేను వరసగా నేల మీద పడటానికి కారణం ఇదే.

హడోకెన్ పని కూడా మారింది. మామూలుగా బ్లాక్ చేస్తే హెల్త్ పోదు, డ్రైవ్ గేజ్ కొద్దిగా తగ్గుతుంది. గేజ్ పూర్తిగా ఖాళీ అయితే బర్నౌట్, అప్పుడు మాత్రం చిప్ డ్యామేజ్ తిరిగొస్తుంది. కానీ అవతలివాడు మీడియం పంచ్, మీడియం కిక్ కలిపి పట్టుకుంటే డ్రైవ్ పారీ, దాంతో హడోకెన్‌ని తీసుకుని తన గేజ్ పెంచుకుంటాడు. ఆ బటన్లు గుర్తొచ్చాయా? స్ట్రీట్ ఫైటర్ 5లో ర్యూ ఒక్కడి సొత్తు ఇప్పుడు అందరి చేతికీ వచ్చింది.

మరి ర్యూకి ప్రత్యేకంగా మిగిలిందేంటి? డెంజిన్ చార్జ్. కాస్త ఖాళీ దొరికినప్పుడు కరెంట్ ఎక్కించుకుంటే తర్వాతి హడోకెన్ లేదా హషోగెకి బలంగా వస్తుంది. ఇక్కడ ఖర్చు సమయం. ఎదుటివాణ్ని పడగొట్టాక మీద పడి కొట్టాలా, చార్జ్ చేసుకోవాలా అన్నది ప్రతిసారీ మీరే తేల్చుకోవాలి.

ఫోన్‌లో ముందే వచ్చిన ఐడియా

స్ట్రీట్ ఫైటర్ 6లో మోడర్న్ కంట్రోల్స్‌తో స్టిక్ తిప్పకుండానే ఒక్క బటన్‌తో షోర్యూకెన్ వస్తుంది. చాలామంది దీన్ని కొత్త విషయం అనుకున్నారు. కానీ 2010లో ఐఫోన్‌కి వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 4లోనే స్పెషల్ మూవ్స్ కోసం విడిగా ఒక బటన్ ఉంది. టచ్ స్క్రీన్ మీద కమాండ్ తిప్పడం కష్టం కాబట్టి అలా చేశారు.

మోడర్న్‌లో ఒక్క బటన్‌తో తీసిన స్పెషల్ మూవ్‌కి డ్యామేజ్ 20 శాతం తగ్గుతుంది. అంటే 1987లో వేళ్లు కట్టిన ఖర్చుని ఇప్పుడు డ్యామేజ్ కడుతోంది. "ఇది చీటింగ్" అనేవాళ్లు ఒక్కసారి ఈ వరస మొత్తం చూడాలి. ఖర్చు ఎప్పుడూ మాయం కాలేదు, చోటు మారుతూ వచ్చిందంతే.

ఇక మీ వంతు: మూడు ప్రశ్నలు, ఒక ప్రాక్టీస్

కొత్త పార్ట్ గానీ, బ్యాలెన్స్ అప్‌డేట్ గానీ వచ్చినప్పుడు డ్యామేజ్ అంకెలు చూసి ఆగిపోకండి. మీకు ఇష్టమైన మూవ్ గురించి ఈ మూడు అడగండి:

1. దీనికి ఖర్చు ఏంటి? మీటరా, సమయమా, చేతి నైపుణ్యమా?
2. బ్లాక్ అయితే నాకేమవుతుంది?
3. అవతలివాడి చేతిలో దీనికి కొత్త జవాబు ఏదైనా వచ్చిందా?

తర్వాత స్ట్రీట్ ఫైటర్ 6 ట్రైనింగ్ మోడ్‌లో ఫ్రేమ్ మీటర్ ఆన్ చెయ్యండి. మీరు లేచే సమయానికి డమ్మీ మిమ్మల్ని కొట్టేలా రికార్డ్ చెయ్యండి. ముందు మామూలు షోర్యూకెన్‌తో లేవండి, ఓడిపోతారు. ఓవర్‌డ్రైవ్‌తో లేవండి, గెలుస్తారు. ఇప్పుడు డమ్మీని బ్లాక్‌లో పెట్టి మళ్లీ ఓవర్‌డ్రైవ్ కొట్టండి, రికవరీలో ఎన్ని ఫ్రేములు ఖాళీగా దొరికిపోతున్నారో మీటర్‌లో కళ్లారా చూడండి. చివరగా డమ్మీని మీ మీదకి దూకించి మామూలు షోర్యూకెన్ వాడండి. ఆ మూవ్‌కి ఇప్పుడు అసలు పని ఏంటో పది నిమిషాల్లో అర్థమైపోతుంది.

నేను ఇదే చేశాను. ఆ తర్వాతి వారం నేల మీద నుంచి లేస్తూ ఎక్కువగా బ్లాక్ చేశాను, షోర్యూకెన్‌ని దూకేవాళ్ల కోసం దాచుకున్నాను. మ్యాచ్‌లన్నీ గెలిచానని చెప్పను. కానీ ఓడినప్పుడు ఎందుకు ఓడానో తెలుస్తోంది. ర్యూని పాడు చేశారని మాత్రం మళ్లీ అనలేదు.