డాలస్ శివార్లకు మారేవాళ్ళు అడిగే ప్రశ్నలు

న్యూజెర్సీలో పదకొండేళ్ళు ఉండి టెక్సస్‌కు వచ్చాం. వచ్చి మూడేళ్ళు దాటినా, "ఫ్రిస్కోనా, ప్రాస్పరా, సెలీనానా, ఎక్కడ కొనమంటారు?" అని ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు. 2000లో 33,714 మంది ఉన్న ఫ్రిస్కోలో 2020 నాటికి 2,00,509 మంది అయ్యారు. దేశంలో అన్నిటికన్నా వేగంగా పెరిగిన పట్టణంగా జనాభా లెక్కలవాళ్ళు 2023కు సెలీనాను, 2024కు ప్రిన్స్‌టన్‌ను చెప్పారు. ఇంత దూకుడుగా పెరిగే చోట ఊరి పేరు చూసి ఇల్లు కొనకూడదు, అడ్రసు చూసి కొనాలి. పిల్లలు ఏ బడికి వెళ్తారు, పన్ను ఎంత పడుతుంది, ఎవరి రూల్సు నడుస్తాయి అన్నవన్నీ ఆ అడ్రసే తేలుస్తుంది.

హెచ్-1బీ మీద ఉన్నాను. ఎక్కడినుంచైనా పని చేసుకోమని మేనేజరు అన్నారు. సామాను సర్దుకోవచ్చా?

ఇంకా సర్దుకోవద్దు. మేనేజరు సరేనన్నంత మాత్రాన వీసా సరే అనదు. 2015లో వచ్చిన సిమియో సొల్యూషన్స్ తీర్పు ప్రకారం, పని చేసే చోటు పాత మెట్రో పరిధి దాటితే కంపెనీ కొత్త ఎల్‌సీఏ తీసుకుని, సవరించిన పిటిషన్ వేయాలి. ఇంట్లో కూర్చుని పని చేసినా ఆ ఇల్లే పనిచోటు. పిటిషన్ దాఖలయ్యాకే కొత్త చోట పని మొదలుపెట్టాలి. ఆమోదం వచ్చేదాకా ఆగనక్కర్లేదు గాని, దాఖలైన రసీదు మాత్రం చేతిలో ఉండాలి. కాబట్టి ముందు లాయరు, తర్వాత మూవర్సు.

ఇల్లు మారిన 10 రోజుల్లో ఏఆర్-11 ద్వారా కొత్త అడ్రసు ఇమిగ్రేషన్ వాళ్ళకు తెలపాలి. ఇది గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకూ వర్తిస్తుంది. ఇంట్లో పౌరులు కానివాళ్ళు నలుగురుంటే నలుగురి పేరనా తెలపాలి, పిల్లల్ని మరిచిపోవద్దు.

"మనవాళ్ళు ఎక్కువగా ఉండే కమ్యూనిటీ చూపించండి" అంటే ఏజెంటు మాట దాటేస్తున్నారు. ఎందుకు?

చట్టం చెప్పనివ్వదు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం జాతి, మతం, పుట్టిన దేశం చూసి కొనేవాళ్ళను ఒకవైపు నడిపించడం నిషిద్ధం. ఆ నియమం ఉండబట్టే "మీలాంటివాళ్ళకు ఆ వీధి సరిపోదు" అని మనతో అనే హక్కూ ఎవరికీ లేదు. అందుకని ఏజెంటును ఇరుకున పెట్టకండి. ఫ్రిస్కోలోని కార్యసిద్ధి హనుమాన్ ఆలయానికి ఎంతసేపు పడుతుంది, ఇండియన్ సరుకుల కొట్టు ఎంత దూరం అని అడగండి. వాటికి నిక్కచ్చిగా జవాబిస్తారు. శనివారం సాయంత్రం ఆ వీధిలో ఓసారి నడిచి వస్తే మిగతాది మీకే తెలుస్తుంది.

విదేశీయులు టెక్సస్‌లో ఇల్లు కొనకూడదని కొత్త చట్టం వచ్చిందట?

2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ఎస్‌బీ 17 చైనా, ఇరాన్, ఉత్తర కొరియా, రష్యాలకు సంబంధించినది. భారత్ ఆ జాబితాలో లేదు.

ఫ్రిస్కో అడ్రసైతే ఫ్రిస్కో బడేనా?

కానక్కర్లేదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. టెక్సస్‌లో స్కూల్ డిస్ట్రిక్టు హద్దులు వేరు, సిటీ హద్దులు వేరు. ఫ్రిస్కో సిటీలోనే కొన్ని ఇళ్ళు ప్రాస్పర్ ఐఎస్‌డీలోకి, కొన్ని లూయిస్‌విల్ ఐఎస్‌డీలోకి, కొన్ని లిటిల్ ఎల్మ్ ఐఎస్‌డీలోకి వస్తాయి. పోస్టల్ అడ్రసులో ఊరి పేరు ఉన్నా, కొన్ని కమ్యూనిటీలు అసలు సిటీ హద్దులోనే ఉండవు. అలాంటి చోట ఉన్నవాళ్ళకు ఆ సిటీ ఎన్నికల్లో ఓటూ ఉండదు.

డిస్ట్రిక్టు వెబ్‌సైటులో ఇంటి నంబరుతో సహా కొట్టి చూడండి. మోడల్ హోమ్‌లో సేల్స్ వాళ్ళు చూపించే మ్యాపును నమ్ముకోవద్దు. కొత్త బడి కట్టినప్పుడల్లా జోన్లు మళ్ళీ గీస్తారు. ఈ ఏడు మీ వీధికి ఉన్న బడి రెండేళ్ళ తర్వాతా ఉంటుందని ఎవరూ రాసివ్వరు.

హక్కుల సంగతికొస్తే, డిస్ట్రిక్టులో కాపురం ఉంటే చాలు, మీ వీసా ఏదైనా పిల్లల్ని చేర్చుకోవాల్సిందే. 1982లో సుప్రీంకోర్టు ప్లైలర్ వర్సెస్ డో కేసులో పత్రాలు లేని పిల్లల్నీ బడికి రానివ్వాలని చెప్పింది. ఆ కేసు పుట్టింది టెక్సస్‌లోనే. కిండర్‌గార్టెన్‌లో చేరాలంటే సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్ళు నిండాలి.

మరొకటి. నాలుగేళ్ళ పాపకు ఇంగ్లీషు ఇంకా పట్టుబడకపోతే ప్రభుత్వ ప్రీ-కేలో ఉచితంగా చేరే అర్హత ఉంటుంది. దరఖాస్తులో ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడుగుతారు. మన పిల్లను వెనకబడిందనుకుంటారేమోనని చాలామంది తల్లులు అక్కడ ఇంగ్లీషు అని రాసేస్తారు. తెలుగు మాట్లాడితే తెలుగు అనే రాయండి. అందులో చిన్నతనమేమీ లేదు.

స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు కదా, ఆ డబ్బంతా మిగులుతుందా?

ఇన్‌కమ్ ట్యాక్స్ లేని మాట నిజం. 2019లో ఓటర్లు రాజ్యాంగంలోనే నిషేధం రాయించారు. అయితే బళ్ళూ రోడ్లూ నడవడానికి డబ్బు కావాలి, అది ఇంటి పన్ను రూపంలో వస్తుంది. కౌంటీ, సిటీ, స్కూల్ డిస్ట్రిక్టు ఎవరి వాటా వాళ్ళు వేస్తారు. కొత్త కమ్యూనిటీల్లో నీళ్ళు, డ్రైనేజీ వేసిన అప్పు తీర్చడానికి మడ్ (మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్టు) పన్నో, పిడ్ (పబ్లిక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్టు) కిస్తీనో వీటి మీద అదనం. అవి ఉన్నట్టు సంతకానికి ముందే రాతపూర్వకంగా నోటీసివ్వడం అమ్మేవాళ్ళ బాధ్యత. ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్‌కు ముందు కాంట్రాక్టు రద్దు చేసుకునే హక్కు మీది. ఎంత వేస్తారన్నది మాత్రమే అడిగి ఊరుకోకండి, ఎన్నేళ్ళు వేస్తారో కూడా అడగండి.

మాకు తగిలిన దెబ్బ చెబుతాను. ఇల్లు చేతికొచ్చింది అక్టోబరులో. ఇక్కడ పన్నుకు విలువ కట్టేది జనవరి 1న ఉన్న స్థితిని బట్టి. ఆ రోజు మాది ఉత్త ప్లాటు. ఆ ఏడు వచ్చిన కాగితంలో ల్యాండ్ అన్న గడిలో అంకె ఉంది, ఇంప్రూవ్‌మెంట్ అన్న గడిలో సున్నా ఉంది. పన్ను ఇంతేనా అని సంబరపడ్డాం. అప్పిచ్చిన సంస్థ ఆ లెక్కతోనే ఎస్క్రో కట్టించుకుంది. రెండో ఏడు ఇంటితో కలిపి పూర్తి పన్ను పడింది. కొన్నాళ్ళకు ఎస్క్రోలో లోటు పడిందని ఉత్తరం వచ్చింది. వంటింటి గట్టు మీద పెట్టుకుని మూడుసార్లు చదివాను.

లెక్క ఇలా ఉంటుంది. ఇల్లు 6,00,000 డాలర్లు, అందులో స్థలం 1,20,000, పన్ను అన్నీ కలిపి వందకు 2.20 అనుకుందాం. మినహాయింపులు పక్కన పెడితే మొదటి ఏడు పన్ను 2,640, అంటే నెలకు 220. రెండో ఏడు 13,200, నెలకు 1,100. దానిమీద పాత లోటు కూడా నెలనెలా కట్టాలి. సంతకం చేసే రోజే "ఎస్క్రో పూర్తి ఇంటి విలువ మీద వేయండి" అని అడగండి. ఒప్పుకోకపోతే ఆ తేడా మీరే వేరే ఖాతాలో దాచుకోండి.

పన్ను తగ్గించుకునే దారి?

సొంతంగా కాపురం ఉండే ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉంది. 2025 నవంబరులో ఓటర్లు ఆమోదించాక, స్కూలు పన్ను లెక్కలో ఇంటి విలువనుంచి 1,40,000 డాలర్లు తీసేస్తారు. పౌరసత్వం అక్కర్లేదు, కానీ టెక్సస్ లైసెన్సు మీద ఆ ఇంటి అడ్రసే ఉండాలి. దరఖాస్తు ఉచితం. మేం చేసిపెడతాం, ఫీజు కట్టండి అంటూ వచ్చే ఉత్తరాలను పక్కన పడేయండి. మినహాయింపు వచ్చిన మరుసటి ఏడునుంచి పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగదు.

విలువ ఎక్కువ కట్టారనిపిస్తే ప్రొటెస్ట్ చేయొచ్చు. గడువు మే 15, లేదా నోటీసు పంపిన 30 రోజులు, ఏది తర్వాతైతే అది.

గుమ్మానికి తోరణం, ముందు తులసి కోట పెడితే హెచ్‌ఓఏ ఒప్పుకుంటుందా?

సొంత ఇంటిమీద, సొంత స్థలంలో మతపరమైన వస్తువులు పెట్టుకోవడాన్ని హెచ్‌ఓఏ నిషేధించకూడదని 2021లో చట్టం మార్చారు. రోడ్డుకు వదలాల్సిన జాగాలోనో, అందరి ఉమ్మడి స్థలంలోనో పెడితే మాత్రం అభ్యంతరం చెప్పొచ్చు. ఉత్తరం వస్తే భయపడి తీసేయకండి, చట్టాన్ని చూపించి జవాబు రాయండి. జరిమానా వేసేముందు నోటీసివ్వాలి, మీ మాట వినమని అడిగే హక్కు మీకుంది. ఒట్టి జరిమానాల కోసం ఇల్లు వేలం వేయలేరు. నెలసరి బకాయిల కోసం వేయగలరు, కాబట్టి అవి ఆపకండి.

కొత్త ఇంటికి ఇన్‌స్పెక్షన్ దేనికి?

గుంటూరు, కర్నూలు వైపువాళ్ళకు నేను వేరే చెప్పక్కర్లేదు, ఇదీ నల్లరేగడే. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది, దానితో పాటు పునాదీ కదులుతుంది. కాంక్రీటు పోయకముందు ఒకసారి, గోడలు మూయకముందు ఒకసారి మీ సొంత ఇన్‌స్పెక్టరును రానిస్తామని కాంట్రాక్టులోనే రాయించుకోండి. బిల్డర్లు చాలావరకు తమ సొంత కాంట్రాక్టే వాడతారు. పాత ఇళ్ళ కొనుగోలులో దొరికే, కారణం చెప్పకుండా వెనక్కి తగ్గే ఆప్షన్ గడువు అందులో ఉండకపోవచ్చు.

కారు, లైసెన్సు?

రిజిస్ట్రేషన్ 30 రోజుల్లో, లైసెన్సు 90 రోజుల్లో. కాలిన్, డెంటన్ కౌంటీల్లో పొగ పరీక్ష ఉంది. పాత రాష్ట్రంలో మీ పేరున ఉన్న కారుకు 90 డాలర్ల పన్ను కట్టాలి.

వచ్చీ రాగానే కొనాలా?

ముహూర్తం దాటిపోతుందని మేం తొందరపడ్డాం. ఇప్పుడైతే కావలసిన స్కూల్ డిస్ట్రిక్టులోనే ఏడాది అద్దెకుంటాను. పొద్దున ఏడున్నరకు ప్రెస్టన్ రోడ్డు మీద వారంపాటు కారు నడిపితే ఏ ఊరు దూరమో తెలిసిపోతుంది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కొత్త అడ్రసు ఓనరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. అది ఇస్తే, ఖాళీ చేసిన 30 రోజుల్లో ఓనరు డిపాజిట్టు తిరిగివ్వాలి, పట్టుకున్నదేమైనా ఉంటే లెక్క చూపాలి.