పర్మిషన్ తీసేసినా ప్రోగ్రామ్ ఎలా నడిచింది?

ప్రశ్న: మా సెంటర్‌లో లైనక్స్ మెషీన్ల మీద ఒక ప్రోగ్రామ్‌కు ఎగ్జిక్యూట్ పర్మిషన్ తీసేశాను. అయినా ఓ కుర్రాడు నడిపేశాడు. ఎలా సార్?
– ఒక పాఠకుడు, గురుబరపల్లి

జవాబు: ప్రోగ్రామ్‌లను మెమరీలోకి ఎక్కించే డైనమిక్ లింకర్‌ను నేరుగా పిలిచి, మీ ఫైలు పేరు దానికి ఇచ్చి ఉంటాడు. అప్పుడు కెర్నెల్ ఎగ్జిక్యూట్ పర్మిషన్ చూసేది లింకర్‌కే. మీ ఫైలును లింకర్ మెమరీలోకి ఎక్కిస్తుంది; దానికి రీడ్ పర్మిషన్ చాలు.

ఆ ఫైలు పిల్లలు ఫైళ్లు పెట్టుకునే హోమ్, టెంప్ డైరెక్టరీలలో ఉంటే, వాటిని 'నోఎగ్జెక్' ఆప్షన్‌తో మౌంట్ చేయండి. అక్కడి ఫైలును ఎగ్జిక్యూటబుల్‌గా మ్యాప్ చేయడానికి 2.6 వెర్షన్ నుంచీ కెర్నెలే ఒప్పుకోదు. షెల్, పైథాన్ స్క్రిప్టులు మాత్రం అప్పటికీ నడుస్తాయి.

ఇంకా గట్టి కట్టడికి ఫెడోరా, రెడ్ హ్యాట్‌లలో 'ఎఫ్‌ఏపాలసీడీ' అనే సర్వీసు ఉంది. లింకర్‌తో నేరుగా నడపడాన్ని గుర్తించి ఆపగలదు. లింకర్ ఫైలు పర్మిషన్ మాత్రం తీయకండి, దాదాపు ఏ ప్రోగ్రామూ లేవదు.