ఖాతా ఒకరిది, ఖర్చు ఇంటిల్లిపాదిది: యూపీఐ సర్కిల్

నేపథ్యం

ఏనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన డబ్బు తండ్రి ఖాతాలో పడుతుంది. హనుమకొండ హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్న కూతురు ఆన్‌లైన్ టెస్ట్ సిరీస్ కొనాలి. కార్డు నంబరు ఆమె ఫోన్లో ఉంటుంది, ఓటీపీ మాత్రం నాన్న ఫోన్‌కు వస్తుంది. చేనులో ఉన్న మనిషి కళ్లజోడు వెతుక్కుని ఆ ఆరంకెలూ చదివి చెప్పాలి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు మొత్తుకుంటుంటే, చెప్పే అలవాటు ఇంట్లోనే పడిపోతోంది. మోసగాళ్లకు కావాల్సిందీ అదే.

యూపీఐ సర్కిల్ అంటే

2024 ఆగస్టు 8న ద్రవ్యపరపతి విధాన ప్రకటనలో ఆర్‌బీఐ 'డెలిగేటెడ్ పేమెంట్స్'ను ప్రకటించింది. అదే నెలలో ఎన్‌పీసీఐ దాన్ని యూపీఐ సర్కిల్ పేరుతో తెచ్చింది. ఖాతాదారు ప్రైమరీ యూజర్. ఆయన గరిష్ఠంగా ఐదుగురిని సెకండరీ యూజర్లుగా చేర్చుకోవచ్చు. సెకండరీ యూజర్ మాత్రం ఒక్క ప్రైమరీ యూజర్ కిందే ఉండాలి.

పూర్తి అనుమతి ఇస్తే కూతురు ప్రతిసారీ అడగనక్కర్లేదు. ఒక్కో లావాదేవీకి రూ.5,000, నెలకు రూ.15,000 గరిష్ఠ పరిమితి. పాక్షిక అనుమతిలో ఆమె అభ్యర్థన పంపుతుంది, తండ్రి తన ఫోన్లో పిన్ కొట్టాకే డబ్బు కదులుతుంది. రెండింటిలోనూ పిన్ ఆయన దగ్గరే ఉంటుంది. ఈ పథకంలో అసలు విలువ అదే. కొత్తగా మొదలుపెట్టే ఇళ్లకు పాక్షిక పద్ధతే మేలు.

చందాల సంగతి

ఓటీటీ వంటి నెలవారీ చందాలు మాత్రం ఈ-మ్యాండేట్ (ఎప్పటికప్పుడు డబ్బు తీసుకునేందుకు ముందే ఇచ్చే అనుమతి) కిందికి వస్తాయి. ఈ నిబంధనలు 2021 అక్టోబరు 1 నుంచి కచ్చితంగా అమలవుతున్నాయి. డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం ఇవ్వాలి. ఓటీపీ లేకుండా తీసుకునే మొత్తాన్ని 2022 జూన్‌లో రూ.5,000 నుంచి రూ.15,000కు పెంచారు. బీమా ప్రీమియం, మ్యూచువల్ ఫండ్లు, క్రెడిట్ కార్డు బిల్లులకు 2023 డిసెంబరులో రూ.లక్ష చేశారు.

పొరపడే చోటు

రెండుచోట్లా రూ.15,000 కనిపిస్తుంది. సర్కిల్‌లో అది నెల మొత్తానికి, ఈ-మ్యాండేట్‌లో ఒక్కో లావాదేవీకి. స్టేట్‌మెంట్ తరహా ప్రశ్నల్లో ఈ రెండింటినీ తారుమారు చేసి ఇవ్వడం చాలా తేలిక.

మాదిరి ప్రశ్న

యూపీఐ సర్కిల్‌కు సంబంధించి సరికానిది ఏది?
ఎ) ప్రైమరీ యూజర్ ఐదుగురిని చేర్చుకోవచ్చు
బి) సెకండరీ యూజర్ ఐదుగురు ప్రైమరీ యూజర్ల కింద ఉండవచ్చు
సి) పాక్షిక అనుమతిలో పిన్ కొట్టేది ప్రైమరీ యూజరే
జవాబు: బి