మొరాయించే పవర్ స్ప్రేయరు

పురుగు పట్టిన మిరపతోట మెకానిక్కుకు తీరిక దొరికేదాకా ఆగదు. అటక మీంచి దించిన పవర్ స్ప్రేయరు, తాడు ఎన్నిసార్లు లాగినా స్టార్టు కాకపోతే ప్లగ్గు విప్పి చూడాలి. సగం రోగం అక్కడే తెలుస్తుంది.

ప్లగ్గు మొన తడిగా ఉంటే పెట్రోలు అందుతోంది, నిప్పురవ్వ సంగతే చూసుకోవాలన్నమాట. మసి తుడవాలి. ఒలికిన పెట్రోలు పూర్తిగా ఆరాక వైరు తగిలించి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా దాని లోహభాగాన్ని ఇంజనుకు ఆనించి తాడు లాగితే నీలిరవ్వ కనిపించాలి.

పొడిగా ఉంటే మాత్రం అనుమానం కార్బురేటరు మీదే. నిరుటి పెట్రోలు టాంకీలో వదిలేస్తే తేలిక భాగాలు ఆవిరైపోతాయి. మిగిలింది ఆక్సిజన్‌తో కలిసి జిగురు కట్టి, సన్నని జెట్టును మూసేస్తుంది. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాలు తేమను కూడా పీలుస్తుంది. (కెమిస్ట్రీ ల్యాబులోనే కాదు, అటక మీద కూడా జరుగుతుంది!) జెట్టును కొత్త పెట్రోలులో నానబెట్టి, సైకిలు పంపుతో గాలి కొట్టాలి. చాలామంది ఇనుపతీగ గుచ్చుతారు. ఇత్తడి మెత్తన, రంధ్రం పెద్దదైతే ఇంజను పెట్రోలు తాగేస్తుంది.

టూ స్ట్రోకు ఇంజనైతే ఆయిలు పెట్రోలులోనే కలపాలి. దాని మీద 25:1 అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు. ఆయిలు మరిస్తే పిస్టను పట్టేస్తుంది. అప్పుడిక అది ఇంట్లో అయ్యే పని కాదు.